అద్దాలు పెడితే పవర్ పెరుగుతుందా? పిల్లల మైనస్, సిలిండర్, పెద్దల చత్వారం, లేజర్ గురించి

మీ పదేళ్ల అమ్మాయికి బడిలో బోర్డు మసకగా కనిపిస్తోందని పరీక్ష చేయిస్తే కుడి కంటికి మైనస్ 1.75, ఎడమ కంటికి మైనస్ 1.25తో పాటు మైనస్ 0.75 సిలిండర్, 180 యాక్సిస్ అని రాసిచ్చారన్నారు. అద్దాలు అలవాటు చేస్తే పవర్ పెరుగుతూ పోతుందని మీ అత్తగారి భయం. చిన్నప్పటి నుంచి మైనస్ 3 అద్దాలు వాడుతున్న మీ వారు 43వ ఏట అద్దాలు తీసి పేపరు చదువుతున్నారు కాబట్టి సైటు తగ్గుతోందేమోనని ఆయన ఆశ. నాలుగేళ్ల బాబుకు ఏ ఇబ్బందీ కనిపించడం లేదు, వాడికీ పరీక్ష అవసరమా అన్నారు. అమ్మాయి పెద్దయ్యాక లేజర్ చేయిస్తే ఇవన్నీ పోతాయా అనీ అడిగారు. చాలా ఏళ్లుగా కళ్లు పరీక్షించి అద్దాలు రాసే పనిలో ఉన్నాను. అందుకే కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు మీ అత్తగారి భయం సంగతి చూద్దాం. దాని మూలంగా అద్దాలు పెట్టెలోనే ఉండిపోతే నష్టపోయేది అమ్మాయి.

మనం చూసే వస్తువు నుంచి వచ్చే వెలుగును కన్ను వంచి, వెనకనున్న రెటీనా మీద సరిగ్గా చేర్చాలి. ఆ పనిలో మూడింట రెండు వంతులు కంటి ముందుభాగంలో గాజులా ఉండే కార్నియా చేస్తుంది. మిగతాది లోపలున్న కటకం చేస్తుంది. రెండింటి శక్తీ కలిపితే సుమారు 60 డయాప్టర్లు (పవర్‌ను కొలిచే ప్రమాణం ఇది). ఎదిగిన మనిషి కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్ల పొడవుంటుంది. వెలుగును వంచే శక్తికీ ఈ పొడవుకీ పొంతన కుదిరితే దూరంలో ఉన్నది స్పష్టంగా కనిపిస్తుంది. పొడవు ఎక్కువైతే దూరపు వస్తువు ప్రతిబింబం రెటీనా దాకా రాకుండా ముందే ఏర్పడుతుంది. అదే మైనస్ సైటు, పుస్తకాల్లో రాసే హ్రస్వదృష్టి. పొడవు చాలకపోతే ప్రతిబింబం రెటీనా వెనక ఏర్పడాల్సి వస్తుంది. అది ప్లస్ సైటు, దీర్ఘదృష్టి. కన్ను ఒక్క మిల్లీమీటరు పొడవైతే చాలు, మైనస్ రెండున్నర నుంచి మూడు దాకా పవర్ వచ్చేస్తుంది. ఆ లెక్కన మీ అమ్మాయి కుడి కంట్లో ఉన్న తేడా మిల్లీమీటరులో సుమారు మూడింట రెండు వంతులే. అంత చిన్న తేడాకే బోర్డు మీద అక్షరాలు కలిసిపోతాయి.

పుట్టినప్పుడు బిడ్డ కన్ను సుమారు 17 మిల్లీమీటర్లే ఉంటుంది. బిడ్డతో పాటు కన్నూ పెరుగుతుంది. చాలామందిలో ఆ పెరుగుదల సరైన చోట ఆగుతుంది, కొందరిలో ఆగకుండా సాగిపోతుంది. ఎనిమిది, పదేళ్లకు మైనస్ మొదలైన పిల్లల్లో అది ఏటా కొంత పెరగడం మామూలే. సరిగ్గా ఆ ఏడాదే అద్దాలు కూడా వస్తాయి కాబట్టి, అద్దాల వల్లే పెరిగిందని ఇంట్లో అనుకుంటారు. చెప్పుల సైజు పెరగడం వల్ల పాదం పెరగదు కదా, పాదం పెరిగినందుకే పెద్ద చెప్పులు కొంటాం. పవర్ అనేది కంటి కొలత. అద్దం ఆ కొలతకు తగ్గట్టు తయారైన వస్తువు, అంతే.

అద్దాలు తక్కువ పవర్‌లో ఇస్తే పెరుగుదల నెమ్మదిస్తుందని ఒకప్పుడు వైద్యుల్లోనే చాలామంది నమ్మేవారు. మలేషియాలో పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు పూర్తి పవర్, మరో జట్టుకు కావాలనే 0.75 తక్కువ పవర్ ఇచ్చి రెండేళ్లు గమనించారు. 2002లో ఫలితాలు ప్రచురించారు. తక్కువ పవర్ ఇచ్చిన పిల్లల్లోనే సైటు ఎక్కువగా పెరిగింది. కాబట్టి అమ్మాయికి రాసిన పవర్ పూర్తిగా వాడనివ్వండి. బడిలోనూ, ఆటల్లోనూ, టీవీ చూసేటప్పుడూ అద్దాలు ఉండాలి. మొదటి వారం నేల ఎత్తుపల్లాలుగా ఉన్నట్టు, గుమ్మాలు వంగినట్టు అనిపించవచ్చు, ముఖ్యంగా సిలిండర్ ఉన్న ఎడమ కంటి వల్ల. అది సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా తలనొప్పి, తిరుగుడు ఉంటే అద్దాలు తయారైన తీరును సరిచూడమనండి. పవర్ సరిగానే ఉండి, అద్దం మధ్యబిందువు కంటిపాపకు ఎదురుగా లేకపోవడం వల్ల వచ్చే ఇబ్బందులు నేను తరచుగా చూస్తుంటాను.

ఇక చీటీలోని అంకెలు. డయాప్టర్ అంటే మీటర్లలో చెప్పిన దూరానికి తలకిందులు. మైనస్ 1 ఉన్నవారికి అద్దాలు లేకుండా ఒక మీటరు దాకా స్పష్టంగా కనిపిస్తుంది, మైనస్ 2 ఉంటే అర మీటరు దాకా, మైనస్ 4 ఉంటే పాతిక సెంటీమీటర్ల దాకా. మీ అమ్మాయి కుడి కంటికి దాదాపు 57 సెంటీమీటర్ల అవతల ప్రపంచమంతా మసకే. పుస్తకం దానికి ఇవతలే ఉంటుంది కాబట్టి చదవడంలో ఏ లోటూ తెలియదు. బోర్డు దగ్గరికి వచ్చేసరికే చిక్కు. ఇలాంటి పిల్లలు తమకు కనిపించడం లేదని తామంతట తాము చెప్పడం అరుదు. అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. కళ్లు చికిలించి చూడడం, పక్కవారి నోటుపుస్తకంలోంచి రాసుకోవడం, టీవీకి దగ్గరగా జరగడం లాంటివి చూసి పెద్దలే పసిగట్టాలి. కళ్లు చికిలిస్తే నిజంగానే కాస్త మెరుగ్గా కనిపిస్తుంది. సన్నని సందులోంచి వచ్చే వెలుగు రెటీనా మీద తక్కువగా చెదురుతుంది. మేమూ ఇదే సూత్రాన్ని పరీక్షలో వాడతాం. సూదిబెజ్జమంత రంధ్రమున్న అట్టలోంచి చూపించినప్పుడు అక్షరాలు తేటపడితే, లోపం చాలా మటుకు అద్దాలతో సరిదిద్దగలిగేదే అని అర్థం. తేటపడకపోతే కారణం కోసం కంటి లోపల వెతకాలి.

ఎడమ కంటికి రాసిన సిలిండర్ అంటే ఆస్టిగ్మాటిజం. కార్నియా అన్ని దిక్కుల్లోనూ ఒకే వంపుతో ఉండాలి. నిలువు దిశలో ఒక వంపు, అడ్డంగా మరో వంపు ఉంటే వెలుగు ఒక బిందువు దగ్గర కలవదు. దూరంలోనూ దగ్గరలోనూ గీతలు సాగినట్టు, నీడ పడినట్టు కనిపిస్తాయి. దీన్ని సరిచేయడానికి ఒక దిశలో మాత్రమే పవర్ ఉండే అద్దం కావాలి. ఆ పవర్ ఏ దిశలో కూర్చోవాలో చెప్పే అంకె యాక్సిస్, 1 నుంచి 180 డిగ్రీల మధ్య ఏదైనా కావచ్చు. 180 అంటే జబ్బు తీవ్రత అనుకుని కంగారుపడే తల్లిదండ్రులున్నారు, అది దిశ మాత్రమే. ఈ లోపాన్ని థామస్ యంగ్ 1801లో తన కంట్లోనే కనిపెట్టి వివరించాడు. ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ 1825 ప్రాంతంలో తన కంటి కోసం అలాంటి అద్దం చేయించుకున్నాడు. ఈనాటికీ మనం వాడుతున్నది ఆ పద్ధతే.

రేపు మరో చోట పరీక్ష చేయిస్తే ఎడమ కంటికి మైనస్ 2.00, ప్లస్ 0.75 సిలిండర్, యాక్సిస్ 90 అని రాయవచ్చు. అంకెలన్నీ మారిపోయాయని కంగారుపడకండి. మీ దగ్గరున్న మైనస్ 1.25, మైనస్ 0.75, 180 కూడా అదే అద్దం. కొందరు సిలిండర్‌ను మైనస్‌లో రాస్తారు, కొందరు ప్లస్‌లో. మొదటి రెండు అంకెలను కూడితే కొత్త మొదటి అంకె వస్తుంది, సిలిండర్ గుర్తు తిరగబడుతుంది, యాక్సిస్ 90 డిగ్రీలు మారుతుంది. చీటీలు పోల్చేముందు ఈ లెక్క వేసి చూడండి.

అయితే ఒక విషయం మీరు తప్పకుండా అడిగి తెలుసుకోవాలి. ఈ పవర్ కంట్లో చుక్కలు వేసి చూశాక రాసిందా, మిషన్ ఇచ్చిన అంకెను నేరుగా రాసిందా? పిల్లల కటకం మెత్తగా ఉండి చాలా బలంగా సర్దుకోగలదు. మిషన్‌లోకి తొంగిచూస్తున్నప్పుడు తెలియకుండానే దగ్గరి వస్తువును చూస్తున్నట్టు బిగుసుకుంటుంది. దాంతో ఉన్నదానికంటే ఎక్కువ మైనస్ కనిపిస్తుంది, కొన్నిసార్లు అసలు లేని మైనస్ కూడా కనిపిస్తుంది. చుక్కలు వేసి కటకాన్ని సర్దే కండరానికి విశ్రాంతినిచ్చాకే నిజమైన కొలత దొరుకుతుంది. చుక్కల వల్ల ఒక రోజు పాటు పుస్తకం మసకగా, వెలుతురు గుచ్చుకున్నట్టుగా ఉంటుంది. అట్రోపిన్ అనే బలమైన చుక్కల మందు వేస్తే ఆ ఇబ్బంది వారం దాటవచ్చు. ఆ కాస్త ఇబ్బందికి జంకి పిల్లలకు చుక్కలు వద్దనే తల్లిదండ్రులను చూస్తే నాకు బాధేస్తుంది. మొదటిసారి అద్దాలు రాసేముందు చుక్కల పరీక్ష జరిగి తీరాలి. మీ అమ్మాయికి అది జరగకపోతే మళ్లీ చేయించండి.

ఇప్పుడు అసలు పట్టించుకోవాల్సిన విషయం. అద్దాలు అమ్మాయికి బోర్డు చూపిస్తాయి కానీ మామూలు అద్దాలు కంటి పెరుగుదలను ఆపలేవు. మైనస్ 6 దాటితే అధిక హ్రస్వదృష్టి అంటాం. అంత సాగిన కంట్లో రెటీనా పలచబడుతుంది. రెటీనా ఊడిపోవడం, కంటి నరం దెబ్బతినే గ్లకోమా, చూపు మధ్యభాగం దెబ్బతినడం లాంటి ప్రమాదాలు పెరుగుతాయి. ఈ నష్టాన్ని ఏ అద్దమూ పూడ్చలేదు. మైనస్ ఎంత చిన్న వయసులో మొదలైతే చివరికి అంత పెద్ద అంకెకు చేరే అవకాశం ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ఇంకాస్త ఎక్కువ. అందుకే పదేళ్లకు 1.75 అన్నది కంగారుపడాల్సిన అంకె కాకపోయినా, కనిపెట్టి ఉండాల్సిన అంకె.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది ఆరుబయట గడపడం. చైనాలోని గ్వాంగ్జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల ఆరుబయటి తరగతి అదనంగా పెట్టి మూడేళ్లు చూశారు. మామూలుగా చదివిన పిల్లల్లో సుమారు 40 శాతం మందికి మైనస్ రాగా, బయటికి వెళ్లిన పిల్లల్లో అది 30 శాతమే. 2015లో ఈ ఫలితం వచ్చింది. తైవాన్ 2010 నుంచి బడిపిల్లలను రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉంచే కార్యక్రమం నడుపుతోంది. అప్పటిదాకా పెరుగుతూ వచ్చిన దృష్టిలోపాలు ఆ తర్వాత తగ్గుముఖం పట్టాయి. గదిలో వెలుతురు కొన్ని వందల లక్స్ ఉంటే, పగటిపూట బయట పది వేలు దాటుతుంది. అంత వెలుతురులో రెటీనా నుంచి డోపమిన్ అనే రసాయనం ఎక్కువగా విడుదలై కంటి సాగుదలను అదుపు చేస్తుందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. బయట గడపడం మైనస్ రాకుండా చూడడంలో బాగా పనిచేస్తుంది, వచ్చాక పెరగకుండా ఆపడంలో దాని బలం తక్కువ. అందుకని మీ బాబుకు ఇది మరీ ముఖ్యం.

మైనస్ వచ్చేసిన పిల్లలకు తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు ఉన్నాయి. రాత్రి పడుకునేముందు ఒక చుక్క వేస్తారు. హాంకాంగ్‌లో 0.01, 0.025, 0.05 శాతం మోతాదులను పోల్చి చూస్తే 0.05 శాతం అన్నిటికన్నా బాగా పనిచేసింది. మధ్యలో దూరపు పవర్, చుట్టూ చిన్న చిన్న కటకాలు ఉండే ప్రత్యేక అద్దాలు మరో మార్గం. కొన్ని పరీక్షల్లో ఇవి పెరుగుదలను దాదాపు సగానికి తగ్గించాయి. ఇదే పని చేసే కాంటాక్ట్ లెన్సులూ ఉన్నాయి. రాత్రంతా పెట్టుకుని పొద్దున తీసేసే గట్టి లెన్సులూ ఉన్నాయి కానీ, శుభ్రత విషయంలో ఏ మాత్రం అశ్రద్ధ ఉన్నా కార్నియాకు పుండు పడే ప్రమాదం ఉంది కాబట్టి పదేళ్ల పిల్లకు నేను మొదటగా వాటిని సూచించను. మీరైతే ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిపించండి. వీలైతే పవర్‌తో పాటు కంటి పొడవు కూడా. ఆ ఆరు నెలల్లో పావు డయాప్టర్ కంటే ఎక్కువ పెరిగితే చుక్కల గురించో ప్రత్యేక అద్దాల గురించో వైద్యులతో మాట్లాడాలి. కంటి వ్యాయామాలు, క్యారెట్లు, నీలి కాంతిని ఆపే పూతలు పవర్‌ను తగ్గించవు. విటమిన్ ఏ లోపిస్తే రేచీకటి వస్తుంది, కార్నియా పాడవుతుంది. తగినంత ఉన్న బిడ్డకు ఇంకా ఎక్కువ ఇచ్చినందువల్ల కన్ను కురచ కాదు.

బాబు సంగతి. తప్పకుండా పరీక్ష చేయించండి, ఆలస్యం చేయవద్దు. నాలుగేళ్ల పిల్లలకు కొంత ప్లస్ ఉండడం సహజం. వాళ్లు కటకాన్ని బిగించి దాన్ని తామే సరిచేసుకుంటారు కాబట్టి అన్నీ కనిపిస్తాయి. ప్లస్ మరీ ఎక్కువైతే ఆ బిగింపు వల్ల కన్ను లోపలికి తిరిగి మెల్ల రావచ్చు. అలాంటి మెల్లకన్ను చాలామందిలో అద్దాలతోనే సర్దుకుంటుంది, ఆపరేషన్ దాకా పోదు. మెల్ల అదృష్టమని వదిలేస్తే మాత్రం ఆ కంటి చూపు దెబ్బతినవచ్చు.

అంతకన్నా దొంగదెబ్బ తీసేది రెండు కళ్ల మధ్య తేడా. ఒక కన్ను బాగుండి, రెండో కంటికి ప్లస్ 3 ఉందనుకోండి. బిడ్డ బాగున్న కంటితో అన్ని పనులూ చక్కబెట్టుకుంటాడు, ఎవరికీ అనుమానం రాదు. మసక బొమ్మను పంపుతున్న కన్నును మెదడు క్రమంగా పక్కన పెట్టేస్తుంది. దీన్నే సోమరి కన్ను అంటారు. ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే అద్దాలతో, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేయడంతో చాలా వరకు చూపు తెచ్చుకోవచ్చు. వయసు గడిచేకొద్దీ చికిత్సకు లొంగడం తగ్గిపోతుంది. పెద్దయ్యాక ఉద్యోగానికి వైద్య పరీక్ష చేయించుకుంటూ ఒక కంటికి చూపు లేదని మొదటిసారి తెలుసుకున్న యువకులు నా దగ్గరికి వచ్చారు. అప్పటికి అద్దాలు పెట్టినా ఆ కంటికి అక్షరాలు సరిగా కనిపించవు. ఇంట్లో ఒక్కో కన్ను మూసి బొమ్మ చూపించండి. ఒక కన్ను మూసినప్పుడు మాత్రమే బిడ్డ చేతిని తోసేస్తుంటే అది పెద్ద సూచన. అయితే ఇది ఆసుపత్రి పరీక్షకు బదులు కాదు.

మీ వారికి సైటు తగ్గడం లేదు, చత్వారం మొదలైంది. వయసుతో కటకం గట్టిపడి, దగ్గరి వస్తువుకు సర్దుకునే శక్తి తరుగుతుంది. పదేళ్లప్పుడు ఆ శక్తి పన్నెండు డయాప్టర్లకు పైనే ఉంటుంది, అరవై వచ్చేసరికి ఒకటి మిగిలితే ఎక్కువ. పేపరును 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని చదవాలంటే రెండున్నర డయాప్టర్లు కావాలి. ఉన్న శక్తినంతా వాడితే కళ్లు అలసిపోతాయి కాబట్టి నలభై దాటగానే ఇబ్బంది తెలుస్తుంది. మైనస్ 3 ఉన్నవారికి అద్దాలు తీస్తే 33 సెంటీమీటర్ల దగ్గర ఏ శ్రమా లేకుండా కనిపిస్తుంది. ఆయన చేస్తున్నది అదే. చదివేటప్పుడు అలా తీసేయడంలో తప్పేమీ లేదు. మాటిమాటికీ తీసిపెట్టడం చిరాకైతే పైన దూరానికి, కింద దగ్గరకు పవర్ ఉండే బైఫోకల్ గానీ, గీత లేకుండా క్రమంగా మారే ప్రోగ్రెసివ్ గానీ రాయించుకోవచ్చు. ప్రోగ్రెసివ్ అద్దాల్లో అంచులు మసకగా ఉంటాయి, మెట్లు దిగేటప్పుడు తల వంచి చూడడం అలవాటు కావాలి. కంప్యూటర్ ముందే రోజంతా కూర్చునేవారైతే ఆ దూరానికి విడిగా ఒక జత చేయించుకోవడమే నాకు నచ్చే పద్ధతి.

మీ అత్తగారి గురించి కూడా ఒక మాట. అరవై దాటినవారు ఉన్నట్టుండి చత్వారపు అద్దాలు లేకుండానే చదవగలుగుతుంటే చూపు బాగుపడిందని సంతోషిస్తారు. తరచుగా అది కటకం మధ్యలో శుక్లం ముదురుతూ కంటిని మైనస్ వైపు నెట్టడం వల్ల జరుగుతుంది. రక్తంలో చక్కెర ఎక్కువతక్కువలైనా పవర్ కొన్ని వారాల్లోనే అటూ ఇటూ మారుతుంది. చక్కెర అదుపులోకి రాకముందే కొత్త అద్దాలు చేయించుకుంటే అవి నెల తిరిగేసరికి పనికిరాకుండా పోతాయి.

చివరిగా లేజర్. లాసిక్, పీఆర్‌కే, స్మైల్ అనే మూడు రకాల లేజర్ చికిత్సల్లోనూ చేసేది కార్నియా వంపును మార్చడమే. కార్నియా మధ్యలో అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, సుమారు 540 మైక్రాన్ల మందం ఉంటుంది. లాసిక్‌లో ఒక్కో డయాప్టరుకు పన్నెండు నుంచి పదహారు మైక్రాన్ల దాకా కణజాలం తీసేయాలి. కాబట్టి కార్నియా పలచగా ఉన్నవారికి, పవర్ మరీ ఎక్కువ ఉన్నవారికి అది కుదరదు. కొందరికి కంటి లోపల అమర్చే లెన్సు మంచి ప్రత్యామ్నాయం. కార్నియా శంకువులా ముందుకు సాగే కెరటోకోనస్ ఉంటే లేజర్ జోలికి పోకూడదు. కళ్లు గట్టిగా నులిమే అలవాటు ఆ జబ్బును ముదిరిస్తుంది, మీ అమ్మాయికి ఆ అలవాటుంటే ఇప్పుడే మాన్పించండి. పద్దెనిమిది నిండాలి, కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి. పద్దెనిమిదికి ఇంకా పెరుగుతూ ఉంటే ఆగడమే మేలు. కళ్లు పొడిబారడం, రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించడం కొన్ని నెలలు ఉండవచ్చు, కొందరికి అంతకన్నా ఎక్కువ కాలం ఉంటాయి. లేజర్ చేయించుకున్నవారికీ నలభై దాటాక చత్వారం వస్తుంది. అప్పుడు మీ వారిలా అద్దాలు తీసి చదువుకునే వీలు కూడా ఉండదు.

లేజర్ వల్ల అద్దాల అవసరం పోతుంది గానీ సాగిన కన్ను తిరిగి కురచ కాదు. మైనస్ 6 ఉండి లాసిక్ చేయించుకున్నవారి రెటీనా ఇంకా మైనస్ 6 రెటీనాయే. ఏడాదికోసారి చుక్కలు వేసి రెటీనా పరీక్ష చేయించుకోవడం వారికీ వర్తిస్తుంది, మైనస్ 3 ఉన్న మీ వారికీ వర్తిస్తుంది. చూపులో మెరుపులు రావడం, నల్లని చుక్కలు ఒక్కసారిగా కుప్పలుగా తేలడం, ఒక పక్క నుంచి తెర పడినట్టు చీకటి కమ్మడం జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా ఆ రోజే కంటి వైద్యుల దగ్గరికి వెళ్లాలి. రెటీనా చిరుగు దశలోనే ఉంటే చాలాసార్లు లేజర్‌తో అంటించి ఆపవచ్చు. ఊడిపోయాక పెద్ద ఆపరేషన్ అవసరమవుతుంది.